వేడెక్కాక ఆగిపోయే డీజిల్ బండి: క్రాంక్ సెన్సర్ మీద అనుమానం వస్తే ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి

మీరు చెప్పిన లక్షణాలు ఇవి: కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే) డీజిల్ బండి, అరగంటో ముప్పావుగంటో నడిచి ఇంజన్ బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతోంది. సెల్ఫ్ హుషారుగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. బానెట్ ఎత్తి అరగంట వదిలేస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది. స్కానర్‌లో పీ0335 కోడ్ వచ్చింది. క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ మార్చారు, వారం రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. ఇప్పుడు మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చాలంటున్నాడు.

ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇంతవరకూ కొలతలన్నీ బండి బాగా నడుస్తున్నప్పుడో, చల్లగా ఉన్నప్పుడో తీసి ఉంటారు. ఈ రకం జబ్బు చల్లటి ఇంజన్‌లో కనపడదు. బండి ఆగిపోయి, మళ్లీ స్టార్ట్ కాకుండా మొరాయిస్తున్న ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో తీసిన ఒక్క రీడింగు, షెడ్డులో రోజంతా తీసిన రీడింగుల కన్నా ఎక్కువ చెబుతుంది. కింద చెప్పేదంతా ఆ కాసేపటిని ఎలా వాడుకోవాలన్నదాని గురించే.

ముందు సెన్సర్ పనేమిటో చూద్దాం. పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ఉంటుంది, డీజిల్‌లో ఆ పని ఇంజెక్షన్ సమయమే చేస్తుంది. పిస్టన్ ఎక్కడుందో తెలియకుండా ఈసీయూ ఇంజెక్టర్‌ను తెరవదు. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ముందు ఈ సెన్సర్ కూర్చుని ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక పల్స్ పంపుతుంది. ఎక్కువ బండ్లలో ఆ చక్రం మీద 60 పళ్ల చోటు ఉండి అందులో రెండు ఖాళీగా ఉంటాయి, అంటే 58 పళ్లు. పన్నుకు పన్నుకు మధ్య 6 డిగ్రీలు. ఆ ఖాళీ దాటినప్పుడు క్రాంక్ ఏ స్థానంలో ఉందో ఈసీయూకు తెలుస్తుంది. కానీ అది కంప్రెషన్ స్ట్రోకా, ఎగ్జాస్ట్ స్ట్రోకా అన్నది క్యామ్ సెన్సర్ (వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దగ్గర ఉండేది) చెప్పాలి. రెండూ కలిస్తేనే ఈసీయూ సింక్ అయినట్టు. క్యామ్ సిగ్నల్ పోయినా నడిచే ఇంజన్లు ఉన్నాయి, కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. క్రాంక్ సిగ్నల్ పోతే మాత్రం చాలా ఇంజన్లు ఆగిపోతాయి.

పాత మెకానికల్ పంపు డీజిల్ ఇంజన్ల సంగతి వేరు. వాటిలో ఇంజెక్షన్ సమయాన్ని పంపే చూసుకుంటుంది. ఈ సెన్సర్ ఉన్నా టాకోమీటర్ కోసమే ఉంటుంది, పోయినా ఇంజన్ ఆగదు. అలాంటి బండి ఆగిపోతుంటే స్టాప్ సొలినాయిడ్, గాలి పట్టడం, ఫిల్టర్ చూడాలి. మీది కామన్ రైల్ కాబట్టి ముందుకు వెళదాం.

ఆగిపోయే తీరు గమనించండి. సెన్సర్ సిగ్నల్ తెగితే ఇంజన్ కీ తీసేసినట్టు ఒక్కసారిగా ఆరిపోతుంది. బండి ఇంకా దొర్లుతూ, గేరులో ఉండి ఇంజన్ తిరుగుతూనే ఉన్నా, టాకోమీటర్ ముల్లు సున్నాకు పడిపోతుంది. ఇది చాలా విలువైన ఆనవాలు. డీజిల్ అందక ఆగేటప్పుడు అలా ఉండదు. ముందు లాగుడు తగ్గుతుంది, ఎక్కువ బరువు మీద దగ్గుతుంది, కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగుతుంది. ముల్లు కూడా ఇంజన్ వేగంతో పాటే నెమ్మదిగా దిగుతుంది. కొన్ని కొత్త బండ్లలో టాకోమీటర్ చూపును ఈసీయూ సరిదిద్దుతుంది కాబట్టి ముల్లు ఒక్కదాన్నే తుది రుజువుగా తీసుకోవద్దు.

ఇక కోడ్ల మాట. పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని. సర్క్యూట్ అంటే సెన్సర్, కప్లర్, వైర్లు, ఎర్త్, సప్లై, ఈసీయూ పిన్నులు అన్నీ కలిపి. సెన్సర్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పడం లేదు. పీ0336 వస్తే సిగ్నల్ వస్తోంది గానీ లెక్క కుదరడం లేదని, అంటే పళ్ల చక్రం, గ్యాప్, ఇనుప రజను వైపు చూడాలని. పీ0337 సిగ్నల్ తక్కువ, పీ0338 ఎక్కువ, పీ0339 వచ్చి పోతోందని. మీలాంటి సందర్భంలో పీ0339 గనక కనిపిస్తే వైరింగ్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది. పీ0340 క్యామ్ సెన్సర్‌ది. పీ0016 వస్తే మాత్రం ఆగండి. అది క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి కుదరడం లేదన్న మాట. టైమింగ్ చైన్ సాగడమో, బెల్టు పన్ను దాటడమో అయి ఉండవచ్చు. ఆ కోడ్‌తో పదే పదే సెల్ఫ్ కొడితే వాల్వులు వంగే ప్రమాదం ఉంది.

కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చదివి రాసుకోండి. అందులో కోడ్ పడినప్పటి ఇంజన్ వేడి, వేగం, బ్యాటరీ వోల్టేజీ ఉంటాయి. పరిగెడుతున్నప్పుడు, కూలెంట్ 85 లేదా 90 డిగ్రీల వద్ద పడిన కోడ్ నమ్మదగ్గది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 8 వోల్టులకు పడిపోయిన క్షణంలో నమోదైన కోడ్ అయితే దాని మూలం బ్యాటరీ కావచ్చు.

బ్యాటరీని చాలామంది వదిలేస్తారు. రెండు వైర్ల సెన్సర్‌లో పుట్టే వోల్టేజీ చక్రం తిరిగే వేగం మీద ఆధారపడి ఉంటుంది. సెల్ఫ్ నిమిషానికి 200 చుట్లకు బదులు 100 చుట్లే తిప్పితే సిగ్నల్ కూడా దాదాపు సగమే పుడుతుంది. ఈసీయూ దాన్ని గుర్తించక పీ0335 రాసిపెడుతుంది. సెన్సర్ తప్పేమీ ఉండదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 9.6 వోల్టుల కన్నా కింద పడకూడదు. ఇంజన్ బ్లాకుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య అదే సమయంలో 0.5 వోల్టు కన్నా ఎక్కువ కనిపిస్తే ఇంజన్ ఎర్త్ స్ట్రాప్ తీసి రుద్ది బిగించండి. వేడి ఇంజన్‌కు సెల్ఫ్ మోటారు నీరసంగా తిరగడం కూడా మామూలు విషయమే, కాబట్టి ఈ కొలత కూడా వేడి మీదే తీయాలి.

ఇప్పుడు అసలు పని. స్కానర్ తగిలించుకుని బండి నడపండి. ఆగిపోయిన వెంటనే బండి పక్కకు తీసి, కీ ఆన్‌లో ఉంచి, ముందుగా స్కానర్ ఈసీయూతో మాట్లాడుతోందో లేదో చూడండి. మాట్లాడకపోతే సెన్సర్ గురించి మర్చిపోండి. ఈసీయూకే కరెంటు అందడం లేదు. మెయిన్ రిలే లోపల టంకం పగిలి వేడికి విడిపోవడం, ఫ్యూజ్ కాళ్లు వదులవడం, ఈసీయూ ఎర్త్ తుప్పు పట్టడం, ఇవన్నీ సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలనే చూపిస్తాయి. చల్లారితే మళ్లీ అతుక్కుంటాయి కూడా.

స్కానర్ మాట్లాడితే లైవ్ డేటాలో నాలుగు విలువలు పెట్టుకోండి: ఇంజన్ వేగం, రైల్ ప్రెషర్, క్యామ్ క్రాంక్ సింక్ స్థితి, బ్యాటరీ వోల్టేజీ. ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ తిరుగుతుండగా వేగం సున్నా అనే చూపిస్తుంటే క్రాంక్ సిగ్నల్ ఈసీయూకు చేరడం లేదని తేలినట్టే. వేగం 180, 220 ఇలా నిలకడగా చూపిస్తూ, సింక్ కూడా అయిందని చెబుతూ, రైల్ ప్రెషర్ మాత్రం 100 బార్ దాటకపోతే సమస్య డీజిల్ వైపు ఉంది. ఎక్కువ కామన్ రైల్ ఇంజన్లు 200 బార్ దరిదాపులకు చేరితే గానీ ఇంజెక్టర్‌ను తెరవవు. అరిగిన ఇంజెక్టర్ల రిటర్న్ లీకేజీ వేడి మీద పెరుగుతుంది, ఎందుకంటే వేడి డీజిల్ పలచబడి సందుల్లోంచి జారిపోతుంది. చల్లారాక మళ్లీ ప్రెషర్ నిలుస్తుంది. వేడికి ఆగి చల్లారితే స్టార్ట్ అయ్యే బండ్లలో ఈ ఇంజెక్టర్ లీకేజీని క్రాంక్ సెన్సర్ అనుకుని ఎంతో మంది మోసపోతారు. వేగం కనిపిస్తూ సింక్ కాకపోతే క్యామ్ సెన్సర్ వైపో, పళ్ల చక్రం వైపో వెళ్లాలి. వేగం 0, 400, 90, 0 అని గెంతుతుంటే లూజ్ కాంటాక్టో, చక్రం మీద దెబ్బతిన్న పన్నో ఉందని అర్థం.

స్కానర్ చేతిలో లేకపోతే సైలెన్సర్ వెనక ఒకరిని నిలబెట్టండి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగ చుక్క కూడా రాకపోతే ఇంజెక్షన్ జరగడం లేదు. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ పడుతోంది గానీ మండడం లేదు, కాబట్టి క్రాంక్ సెన్సర్ బతికే ఉందనుకోవచ్చు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. డీజిల్ వస్తోందా అని చూడటానికి పాత పద్ధతిలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయకండి. కామన్ రైల్‌లో ప్రెషర్ 1600 బార్ పైన కూడా ఉంటుంది. ఆ చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పటి ప్రెషర్ కూడా అందుకు చాలు. రెండోది, ఇంటేక్‌లో ఈథర్ స్ప్రే కొట్టవద్దు. గ్లో ప్లగ్గులు ఎర్రగా ఉన్న ఇంజన్‌లో అది పిస్టన్ రాకముందే పేలి రింగులు, రాడ్లు పాడు చేస్తుంది.

క్రాంక్ సిగ్నల్ రావడం లేదని తేలాక మీ సెన్సర్ ఏ రకమో తెలుసుకోండి. రెండు వైర్లుంటే ఇండక్టివ్ రకం, అంటే లోపల అయస్కాంతం చుట్టూ రాగి తీగ కాయిల్. మూడు వైర్లుంటే ఎక్కువగా హాల్ రకం, అంటే లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండి బయటి సప్లైతో పనిచేసేది. అయితే మూడో వైరు షీల్డ్ (విద్యుత్ రొదను ఆపే లోహపు తొడుగు) అయిన ఇండక్టివ్ సెన్సర్లు కూడా ఉన్నాయి. కాబట్టి మూడు పిన్నులు చూడగానే హాల్ అని నిర్ణయించుకోకుండా వైరింగ్ డయాగ్రమ్ చూడండి. అది లేకపోతే కప్లర్ విప్పి, కీ ఆన్ చేసి, ఈసీయూ వైపు పిన్నులు కొలవండి. ఒకదాని మీద 5 లేదా 12 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఇంకోదాని మీద, అంటే సిగ్నల్ వైరు మీద, ఈసీయూ తన వైపు నుంచి ఇచ్చే వోల్టేజీ (పుల్-అప్) ఉంటే అది హాల్. ఇండక్టివ్ అయితే స్థిరమైన సప్లై ఉండదు. చాలా ఈసీయూలు రెండు వైర్ల మీదా 1.5 నుంచి 2.5 వోల్టుల చిన్న బయాస్ మాత్రం పెడతాయి.

ఇండక్టివ్ సెన్సర్‌కు రెసిస్టెన్స్ చూడండి. బండిని బట్టి 200 నుంచి 1500 ఓమ్‌ల దాకా ఉంటుంది. బాష్ సెన్సర్లలో తరచుగా కనిపించే విలువ 20 డిగ్రీల దగ్గర 860 ఓమ్‌లు, పది శాతం అటూ ఇటూ. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. చల్లగా 860 ఓమ్‌లు ఉన్న మంచి సెన్సర్ 90 డిగ్రీల వద్ద దాదాపు 1100 ఓమ్‌లు చూపిస్తుంది. అది చూసి సెన్సర్ పోయిందని తీసి పారేయకండి. వేడి మీద మీటరు అనంతం చూపిస్తే, లేదా కొన్ని వేల ఓమ్‌లకు గెంతితే, అప్పుడు కాయిల్ లోపల తీగ విడిపోతోందని అర్థం. అలాగే అకస్మాత్తుగా తగ్గితే చుట్ల మధ్య షార్ట్. రెండు పిన్నుల్లో దేనికీ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యుటీ ఉండకూడదు.

రెసిస్టెన్స్ సరిగ్గా ఉన్నంత మాత్రాన సెన్సర్ మంచిదని కాదు. అయస్కాంతం బలం తగ్గినా కాయిల్ రెసిస్టెన్స్ మారదు. అందుకే మీటరును ఏసీ వోల్టులకు మార్చి, సెల్ఫ్ కొడుతూ చూడండి. సాధారణంగా 0.5 వోల్టు పైనే రావాలి, చాలా సెన్సర్లు 1 వోల్టు దాటిస్తాయి. కప్లర్ విప్పి సెన్సర్ దగ్గర నేరుగా కొలిస్తే విలువ కాస్త ఎక్కువ వస్తుంది, కప్లర్ తగిలించి వెనక నుంచి సన్నటి పిన్నుతో కొలిస్తే ఈసీయూ లోడు వల్ల కాస్త తగ్గుతుంది. రెండోదే నిజమైన పరీక్ష. మీటరులో ఫ్రీక్వెన్సీ ఉంటే ఇంకా మంచిది. 60 పళ్ల చోటు ఉన్న చక్రానికి హెర్ట్జ్‌లలో వచ్చే అంకె, నిమిషానికి చుట్ల అంకె దాదాపు ఒకటే. 200 చుట్ల వేగానికి 58 పళ్లు సెకనుకు 193 పల్సులు ఇస్తాయి. సెల్ఫ్ సరిగ్గా తిరుగుతుండగా మీటరు 60, 70 హెర్ట్జ్ చూపిస్తుంటే కొన్ని పళ్లు లెక్కలోకి రావడం లేదు.

హాల్ సెన్సర్ మీద ఓమ్ మీటరు పెట్టకండి. లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, వచ్చిన అంకెకు అర్థం ఉండదు. సప్లై 5 వోల్టుల రకమైతే 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, కప్లర్ తగిలించి ఉండగా, 0.1 వోల్టు దాటకూడదు. సిగ్నల్ వైరు పుల్-అప్ వోల్టేజీకీ సున్నా దరిదాపులకీ మధ్య కొట్టుకోవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి నెమ్మదిగా తిప్పితే మీటరులో ఆ రెండు విలువలు మారుతూ కనిపిస్తాయి. కొన్ని డిఫరెన్షియల్ హాల్ సెన్సర్లకు నాలుగైదు పళ్లు వరుసగా దాటితే గానీ చలనం రాదు, కాబట్టి ఒక్క పన్ను తిప్పి మారలేదని తేల్చేయవద్దు. సెల్ఫ్ కొడుతూ డీసీ వోల్టులు చూస్తే పల్సుల సగటుగా 5 వోల్టులకు దాదాపు సగం కనిపిస్తుంది.

సప్లై 5 వోల్టులు లేకపోతే సెన్సర్‌ను తిట్టడానికి లేదు. ఆ 5 వోల్టుల లైను మీదే రైల్ ప్రెషర్ సెన్సర్, బూస్ట్ సెన్సర్, ఇంకేవైనా ఉండవచ్చు. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అందరికీ కరెంటు పోతుంది. పీ0641, పీ0651 కోడ్లు తోడుగా వస్తే ఇదే. ఒక్కో సెన్సర్ కప్లర్ విప్పుతూ వెళితే దోషిని విప్పిన క్షణాన 5 వోల్టులు తిరిగి వస్తాయి.

మీ విషయంలో నాకు అన్నిటికన్నా అనుమానం వైరింగ్ మీద. కొత్త సెన్సర్ వేశాక వారం రోజులు బాగుంది కదా. సెన్సర్ మార్చేటప్పుడు కప్లర్ విప్పి తొడిగారు, వైరును అటూ ఇటూ కదిపారు. దాంతో పిన్నుల మీది పొర రాసుకుని పోతుంది, తెగబోతున్న తీగ కాసేపు అతుక్కుంటుంది. ఇంజన్ అదురుకు వారంలో మళ్లీ విడిపోతుంది. నాసిరకం సెన్సర్ పడి ఉండవచ్చు కూడా, కానీ రెండో సెన్సర్ కొనేముందు వైరు చూడటం ధర్మం.

కప్లర్ విప్పి లోపల చూడండి. నూనె ఉందా, పచ్చటి చిలుము ఉందా, వెనక రబ్బరు సీలు ఊడిందా. ఆడ పిన్నులు వదులయ్యాయా అన్నది అదే మందం ఉన్న మగ పిన్నును దూర్చి లాగితే తెలుస్తుంది. కాస్త బిగువుగా పట్టుకోవాలి. మీటరు లావుపాటి ప్రోబ్‌ను ఆడ పిన్నులోకి గుచ్చవద్దు. అలా గుచ్చడం వల్లే పిన్ను వెడల్పై కొత్త సమస్య పుడుతుంది. తర్వాత సెన్సర్ నుంచి మొదటి రెండు అడుగుల వైరు వేళ్లతో తడమండి. గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ దగ్గర సెన్సర్ ఉండే బండ్లలో వైరు సెల్ఫ్ మోటారు పక్క నుంచో, టర్బో కింద నుంచో పోతుంది. వేడికి తొడుగు గట్టిపడి పగులుతుంది. క్లిప్పు ఊడితే బ్రాకెట్ అంచుకు రాసుకుంటుంది. పైకి తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగి ఉండే చోటు మెత్తగా, మిగతా చోట్ల కన్నా సులువుగా వంగుతుంది.

వైరు కొలిచేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ కప్లర్ కూడా విప్పండి. ఒక్కో వైరు ఈ కొస నుంచి ఆ కొసకు 1 ఓమ్ లోపు ఉండాలి. వైరుకూ వైరుకూ మధ్య, వైరుకూ బాడీకీ మధ్య మెగాఓమ్‌లలో ఉండాలి. మీటరు పట్టుకుని ఒకరు చూస్తుంటే ఇంకొకరు వైరును వంచుతూ, లాగుతూ, కప్లర్‌ను ఊపుతూ పోవాలి. ఆ తర్వాత కప్లర్లు, బ్యాటరీ తిరిగి తగిలించి, బండి స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి వైరును మళ్లీ అలాగే కదపండి. ఎక్కడ చెయ్యి వేసినప్పుడు ఇంజన్ తడబడిందో అక్కడే తీగ తెగింది. ఫ్యాన్, బెల్టు దగ్గర చేతులు జాగ్రత్త.

ఇండక్టివ్ సెన్సర్ రెండు వైర్లు జడ అల్లినట్టు మెలేసి ఉంటాయి, పైన షీల్డ్ ఉంటుంది. ఆ మెలిక వల్ల సెల్ఫ్, ఆల్టర్నేటర్ల నుంచి వచ్చే విద్యుత్ రొద రెండు వైర్ల మీదా సమానంగా పడి రద్దవుతుంది. షీల్డ్‌ను ఒక కొసనే, అంటే ఈసీయూ వైపే ఎర్త్ చేస్తారు. రిపేరు చేసేవారు మెలిక విప్పేసి విడి వైరు వేస్తే, లేదా షీల్డ్‌ను రెండు కొసలా ఎర్త్ చేస్తే రొద లోపలికి వస్తుంది. ఇంకో ముఖ్య విషయం, రెండు వైర్లు తారుమారు చేయకూడదు. అలా చేస్తే ఏసీ వోల్టులు అంతే వస్తాయి, రెసిస్టెన్స్ అంతే ఉంటుంది, కానీ తరంగం తలకిందులై ఈసీయూ ఖాళీ పళ్ల చోటును సరిగా గుర్తించలేదు. స్టార్ట్ కాదు, ఒకవేళ అయినా ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాకే అవుతుంది. ఆ రెండు కొలతలతో ఇది ఎప్పటికీ దొరకదు.

వైరు బాగుందని తేలితే వేడి పరీక్ష. బండి ఆగిపోయినప్పుడు సెన్సర్ ఒక్కదాని మీదే ఎలక్ట్రానిక్స్‌కు వాడే కూలింగ్ స్ప్రే కొట్టండి, లేదా తడి గుడ్డ చుట్టి రెండు మూడు నిమిషాలు ఉంచండి. మిగతా ఇంజన్ ఇంకా కాలుతూ ఉండగానే వెంటనే అందుకుంటే సెన్సర్ మీద నేరం దాదాపు రుజువైనట్టే. నీళ్లు బకెట్‌తో కుమ్మరించవద్దు, పక్కన కాలుతున్న పోత లోహం పగలవచ్చు, కప్లర్లలోకి నీరు పోతుంది. తిరగేసి కూడా చేయవచ్చు: సెన్సర్ బయటికి తీసి, ఓమ్ మీటరు తగిలించి, హీట్ గన్‌తో 100 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడిచేస్తూ వేలితో తట్టండి. అంకె నిలకడగా పెరగాలి, గెంతకూడదు. ఇది ఇండక్టివ్ రకానికే.

ఆసిలోస్కోప్ దొరికితే పై పరీక్షలు సగం అక్కర్లేదు. సెల్ఫ్ కొడుతూ చూస్తే 58 ఒకే ఎత్తు అలలు, మధ్యలో ఖాళీ కనిపించాలి. ఖాళీకి ఆనుకుని ఉన్న అల కాస్త పొడవుగా ఉండటం ఇండక్టివ్‌లో సహజం. అలల ఎత్తు ఒక చుట్టులో పెరిగి తగ్గుతుంటే చక్రం వంకరగా తిరుగుతోంది. ప్రతి చుట్టులో ఒకే చోట ఒక అల పొట్టిగా ఉంటే ఆ పన్ను విరిగింది లేదా వంగింది. ఉన్నట్టుండి మొత్తం గీత చదునైపోయి మళ్లీ వస్తుంటే వైరో, కాయిలో విడిపోతోంది. రెండో చానల్‌లో క్యామ్ సిగ్నల్ పెట్టి అదే ఇంజన్ రకానికి ఉన్న మంచి తరంగంతో పోల్చితే టైమింగ్ జారిందో లేదో కూడా అక్కడే తేలుతుంది.

సెన్సర్ బయటికి తీసినప్పుడు దాని ముక్కు చూడండి. అయస్కాంతానికి ఇనుప రజను గడ్డంలా పట్టి ఉంటే తుడిచేసి ఊరుకోకండి, ఆ రజను ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. క్లచ్ ప్లేటు రివెట్లు, రింగ్ గేర్ పళ్లు, అరిగిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, ఇవే ఎక్కువగా కారణం. ముక్కు మీద రాపిడి గీతలుంటే చక్రం సెన్సర్‌ను తాకుతోంది. గ్యాప్ సాధారణంగా 0.5 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ముక్కు మీద చిన్న క్లే ముద్ద పెట్టి, సెన్సర్ బిగించి మళ్లీ తీసి దాని మందం కొలిస్తే గ్యాప్ తెలుస్తుంది. పన్ను ఎదురుగా ఉన్నప్పుడే కొలవాలి, ఇంజన్ తిప్పకూడదు.

క్లచ్ తొక్కినప్పుడే ఆగిపోతోందా అన్నది కూడా గమనించండి. క్లచ్ తొక్కితే క్రాంక్‌షాఫ్ట్ ముందుకు నెట్టబడుతుంది. థ్రస్ట్ బేరింగ్ అరిగి ఆ కదలిక ఎక్కువైతే, చక్రం ముఖాన్ని చదివే సెన్సర్లలో గ్యాప్ పెరిగి సిగ్నల్ పోతుంది. క్లచ్ తొక్కకుండా న్యూట్రల్‌లో సెల్ఫ్ కొడితే అందుకుంటుందేమో చూడండి. ఆ కదలిక మంచి ఇంజన్‌లో 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకానే ఉంటుంది. ఇదైతే సెన్సర్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

కొన్ని ఇంజన్లలో పళ్ల చక్రానికి బదులు వెనక ఆయిల్ సీలుతో కలిసే అయస్కాంత రింగు వస్తుంది. ఆ సీలు ఈ మధ్య మార్చి ఉంటే, సరైన టూల్ లేకుండా కొట్టి ఎక్కించి ఉంటే రింగు జారి సింక్ తప్పుతుంది. దాని దగ్గరికి అయస్కాంతం తగిలించిన పనిముట్లు తీసుకెళ్లవద్దు.

సెన్సర్ మార్చాల్సి వస్తే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, బిగించే చెవి నుంచి ముక్కు దాకా పొడవు వెర్నియర్‌తో కొలవండి. అర మిల్లీమీటర్ తేడా కూడా గ్యాప్‌ను మార్చేస్తుంది. స్టాప్ స్టార్ట్ సౌకర్యం ఉన్న బండ్ల సెన్సర్లలో ఇంజన్ వెనక్కి తిరగడాన్ని కూడా పసిగట్టేవి ఉన్నాయి. ఆకారం ఒకటే అయినా మామూలుది వాటికి పనికిరాదు, పార్ట్ నంబరు చూసే కొనండి. విప్పేముందు చుట్టూ మట్టి ఊదేయండి, లేకపోతే అది నేరుగా బెల్ హౌసింగ్‌లో పడుతుంది. ఇరుక్కుపోయి ఉంటే పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి, కుడికి ఎడమకు తిప్పుతూ లాగండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే తల విరిగి ముక్కు లోపలే ఉండిపోతుంది. ఓ-రింగుకు కాస్త ఇంజన్ ఆయిల్ రాసి చేత్తోనే నొక్కి కూర్చోబెట్టండి, బోల్టుతో లాగి కూర్చోబెట్టవద్దు. ఎం6 బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. వైరును పాత క్లిప్పుల్లోనే పెట్టండి.

తర్వాత కోడ్లు చెరిపి, ఆ బండికి క్రాంక్ లెర్నింగ్ ప్రక్రియ ఉంటే స్కానర్‌తో చేయించండి. ఇంతకుముందు ఎంత దూరానికి ఆగేదో దానికి రెట్టింపు దూరం, అదే వేడిలో, స్కానర్‌లో వేగం రికార్డు చేస్తూ నడిపాకే పని అయిపోయినట్టు లెక్క.

ఇక ఈసీయూ. దాన్ని అనుమానించడానికి ఒకే దారి ఉంది. బండి ఆగిపోయిన స్థితిలో, సెల్ఫ్ కొడుతుండగా, ఈసీయూ కప్లర్ దగ్గరే వెనక నుంచి సిగ్నల్ పిన్ను మీద పూర్తి, శుభ్రమైన పల్సులు కనిపించాలి. దాని సప్లై, ఎర్త్ పిన్నులు లోడు మీద సరిగ్గా ఉండాలి. పిన్నుల్లో నూనె, చెమ్మ ఉండకూడదు. ఇవన్నీ ఉండి కూడా స్కానర్‌లో వేగం సున్నా అనే చూపిస్తే అప్పుడు ఈసీయూ లోపలి ఇన్‌పుట్ సర్క్యూట్ పోయిందని చెప్పవచ్చు. మెకానిక్‌ను ఆ ఒక్క పిన్ను మీది రీడింగు చూపించమని అడగండి. అది వేడి మీద తీసిందై ఉండాలి.